దొర విడిచిన కుబుసం

సోమవారం

గాలి బాగుంది. వాచర్లు బాగున్నాయి. ఎలుకలు రెండు కనిపించాయి, రెండూ ఇప్పుడు దొర కడుపులో ఉన్నాయి.

రోజూ రాయాలని రూలు కాబట్టి రాస్తున్నాను, పని లేక కాదు. నా పేరు సుంకమ్మ. ఏడో వీధి గాలిపైపు కాపలా నాది. మా ఊరు నేల కింద ఉంది, పైన ఫ్యాన్లు తోసే గాలి ఈ పైపులోంచి దిగి, నాపరాతి గోడల వెంట ఇంటింటికీ చేరుతుంది. పైపు అతుకుల్లో రబ్బరు వాచర్లు ఉంటాయి. ఎలుకలకు ఆ రబ్బరంటే ప్రాణం. అందుకే ఒక్కో వీధి పైపులో ఒక్కో జెర్రిపోతు తిరుగుతూ ఉంటుంది. మా వీధిది దొర. నిలబెడితే నా నెత్తి దాటిపోతాడు. విషం లేదు గానీ కోపం ఉంది. ఆ విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

పొద్దున పైపు మూత తీసి గోనెసంచి పరిచాను. దొర వచ్చి దానిమీద చుట్ట చుట్టుకున్నాడో లేదో, ప్రాణి శాఖ నుంచి పరాంకుశం దిగాడు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. పైన ఎండ ఎట్లుంది సార్ అని అడిగితే, "ఉంది" అన్నాడు, అంతే. చెంబెడు నీళ్లు తాగి, పని మొదలుపెట్టాడు. పామును ఎత్తడం తెలిసినవాడే. నడుం కింద ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి పెట్టి, వేలాడనివ్వకుండా ఎత్తాడు. కడుపు ముగిసి తోక మొదలయ్యే చోట అడ్డంగా చీలిక ఉంటుంది. అక్కడ చూసి, తోక చూసి, మళ్లీ అక్కడ చూశాడు.

"తోక కురచగా ఉందే. ఇది ఆడదేమో."

ఆడది అని తేలితే, పాముగుడ్లు పొదిగించే గుడ్ల ఇంటికి తీసుకుపోతారు. పాము పోయిన వీధికి ఇంకోటి ఎప్పుడు వస్తుందో దేవుడికే తెలియాలి.

"పుట్టుకతో కురచ గాదు సార్," అన్నాను. "ఫ్యాను తలుపు పడి కొస తెగిపోయింది. ఆ ముక్క యాడన్నా దొరికితే తెచ్చి అతికించి చూపిద్దును."

అతను నవ్వలేదు. "గుడ్ల ఇల్లు ఖాళీగా ఉందమ్మా. కిందటి వేసవిలో ఫ్యాన్లు ఆగిపోయి, ఉన్నవన్నీ పోయాయి. మగవాటికి కరువు లేదు, వీధికొకటి ఉంది. ఒక్క ఆడది దొరికితే చాలు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. దొరకకపోతే, ఇప్పుడున్నవి ముసలివై పోయాక మీ పైపుల్లో తిరగడానికి ఏమీ ఉండదు." అంటూ సంచిలోంచి సన్నటి స్టీలు సలాక తీశాడు. చీలిక దగ్గర లోపలికి పెట్టి, ఎంత లోతు పోతుందో చూస్తే ఆడో మగో తెలిసిపోతుందట.

ఐదో వీధిలో ఎవరో అత్యుత్సాహంతో గొడుగు చువ్వ పెట్టి ఈ పనే చేశారు. పాము తోక వాచింది, తిండి మానేసింది, పోయింది. తర్వాత ఎలుకలు పడ్డాయి. ఇప్పుడు ఐదో వీధి అని ఒక వీధి లేదు. అక్కడివాళ్లు తలా ఒక చోట బంధువుల ఇళ్లలో సర్దుకుని ఉన్నారు.

నేను గొంతు చించుకుని అరిచాను. ఏం అరిచానో ఇక్కడ రాయను, రూలు ఒప్పుకోదు.

పరాంకుశం సలాక చేతిలోనే పట్టుకుని ఓపిగ్గా విన్నాడు. తనకూ ఇది ఇష్టం లేదన్నాడు. పాము మెలిక తిరిగినా, మనిషి చెయ్యి వణికినా లోపల చిరుగుతుందన్నాడు. ఇంతకంటే మంచి దారి కుబుసం, పామును ముట్టుకోనక్కర్లేదన్నాడు. విడిచిన కుబుసంలో చీలిక దాటాక తోక ఎట్లా సన్నబడుతుందో చూడాలట. ఒకదానికి చీలిక దాటగానే సన్నబడిపోతుంది, ఇంకోదానికి కొంత దూరం అదే లావున పోయి మెల్లగా సన్నబడుతుంది. కొస తెగినా పర్వాలేదు, మొదలు ఉంటే చాలు. ఏది ఆడదానికి, ఏది మగదానికి అన్నది కూడా చెప్పాడు. నేను సరిగా వినలేదు. నా కళ్లు ఆ సలాక మీద ఉన్నాయి.

"ఒక్కోసారి మగదాని కుబుసంలో ఆ చీలిక దగ్గర, చేతితొడుగు వేళ్లలాగా చిన్నవి రెండు లోపలినుంచి ఊడి వస్తాయి. వస్తే ఇక అనుమానం లేదు. రాకపోతే మాత్రం ఆడదని అనేసుకోకండి" అని కూడా అన్నాడు. ఇది మాత్రం విన్నాను. కింది ఊళ్లన్నీ తిరిగి మళ్లీ ఇటే వస్తాడట. అప్పటికి దొర కుబుసం విడిస్తే సరే. లేదంటే సలాక.

అతను వెళ్లాక పైపు మూతి దగ్గర కూర్చున్న నా చెల్లెలు ఓబులమ్మ, "తోక సన్నబడేది ఆడదానికా, మగదానికా?" అని అడిగింది.

"పక్కవీధుల్లో అన్నీ మగవే గదా. వాటి కుబుసాలు పక్కన పెట్టి చూస్తే తెలీదా?" అని కసురుకున్నాను.

గురువారం

గాలి బాగుంది. దొర కళ్లు మారాయి!

నల్లగా నిగనిగలాడే కళ్లు పాలు కలిపిన నీళ్లలా అయిపోయాయి. ఒళ్లు కూడా మసకబారింది. అంటే పాత తోలు లోపల కొత్త తోలు తయారవుతోంది. వీధంతా వినబడేలా కేక పెట్టాను. గోనెసంచి తడిపి, పక్కన గరుకు నాపరాయి ఒకటి పెట్టాను. రాయికి మూతి రుద్దుకుని తోలు విడిపించుకుంటాడు. తడి లేకపోతే ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, ముక్కలతో నాకేం పని జరగదు.

సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మూత తీసే ఉన్నా, దొర పైపులోకి పోలేదు. కళ్లు మసకైన పాము వేటాడదు. గుడ్డివాడిలా ఉండి, భయంతో ముడుచుకుంటుంది. నాకు ఈ సంగతి తెలుసు. ఏడాదికి నాలుగైదుసార్లు చూస్తూనే ఉన్నాను. ఎప్పుడూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఎలుకలు ఇంతగా ఎప్పుడూ లేవు. ఐదో వీధి ఎలుకలు ఎక్కడికి పోతాయి, ఇటే గదా వచ్చేది.

శనివారం

గాలి ఫర్వాలేదు. వాచరు ఒకటి పోయింది. మార్చాను.

కొత్త వాచర్లు మా ఓబులమ్మే కోస్తుంది. పాత టైరు ముక్కలు ఒళ్లో పెట్టుకుని, పైపు మూతికి మొహం ఆనించి కూర్చుని కోస్తుంది. చిన్నప్పటినుంచీ నాపరాయి కోసే మిషను దగ్గర పనిచేసి రాతిదుమ్మంతా పీల్చింది. ఇప్పుడు నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. మాకందరికీ గాలి తగ్గితే తలనొప్పి వస్తుంది. దానికి గాలి తగ్గితే పెదాలు నల్లబడతాయి. దొర ఉంటే గాలి, గాలి ఉంటే ఓబులమ్మ. నా లెక్క ఇంత చిన్నది.

రేపటికల్లా విడుస్తాడనుకుంటున్నాను. తడి గోనె కింద ఏమన్నా కదిలిందా అని ఊరికూరికే పోయి చూస్తున్నాను. చేతులు ఒకచోట ఉండటం లేదు. సంగటి కెలుకుతూ కూడా తలుపు వైపే చూశాను, అడుగంటింది.

బుధవారం

గాలి తగ్గింది. వాచర్లు మూడు పోయాయి. రాయాలంటే చిరాకుగా ఉంది.

దొర ఇంకా గోనె కిందే ఉన్నాడు. ఎలుకలు వాడి ముందునుంచే, పెళ్లికి పోయినట్టు వరసగా పోతున్నాయి. కర్రతో పైపు మీద కొట్టి కొట్టి నా మణికట్టు వాచింది.

ఎదురింటి నారాయణమ్మ చంకన పిల్లను వేసుకుని వచ్చి నిలబడింది. "ఆ సారు ఉన్నప్పుడే సలాక పెట్టనిచ్చింటే ఆ పొద్దే తేలిపోయేది గదా సుంకమ్మా. ఆడదైతే పోతాది, మగదైతే ఉంటాది. ఇప్పుడు చూడు, ఉండి కూడా లేనట్టుండాది."

"పెట్టింటే దీని గతి కూడా ఐదో వీధి గతే అయ్యేది."

"అందరికీ అట్లే అవుతాదా యేంది?"

"నీ బిడ్డకు సూది వేసేటప్పుడు చెయ్యి వణికే మనిషితో వేయించుకుంటావా?"

ఆమె పోతూ పోతూ పైపు మూతి దగ్గర ఓబులమ్మను చూసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు నన్ను చెంపమీద కొట్టినంత పని చేసింది.

నిజం చెప్పాలంటే నాకూ అదే ఆలోచన వచ్చింది. గూట్లో ఊలు అల్లే సూది ఒకటి ఉంది. కొస గుండ్రంగా ఉంటుంది, గుచ్చుకోదు. నూనె రాసి, మెల్లగా పెడితే... సూది చేతిలోకి తీసుకున్నాను కూడా. దొర పక్కన కూర్చున్నాను. వాడు కళ్లు కనపడక, నేనెవరో తెలియక, నోరు తెరిచి బుసకొట్టి నా చీర కుచ్చిళ్లను కరిచాడు. మంచి పని చేశాడు. లేచిపోయి సూదిని నారాయణమ్మ ఇంట్లో ఇచ్చేసి వచ్చాను, మళ్లీ నా చేతికి దొరక్కుండా.

శుక్రవారం

గాలి తక్కువ. దొర కళ్లు మళ్లీ తేటపడ్డాయి.

తెలియనివాళ్లు చూస్తే ఏమీ జరగలేదనుకుంటారు. కళ్లు తేటపడ్డాకే అసలు పని మొదలవుతుంది. ఇక ఇవాళో రేపో. ఇప్పుడు ముట్టుకుంటే లోపలి కొత్త తోలు కూడా చిరుగుతుంది. ముట్టుకోకూడదు, ముట్టుకోకూడదు అని నాకు నేనే చెప్పుకుంటూ గోనెమీద నీళ్లు చిలకరిస్తున్నాను. ఈ నెల తాగేనీళ్లలో మా వాటా సగం దొర గోనెసంచే తాగేసింది.

ఓబులమ్మ ఇవాళ వాచర్లు కోయలేదు. కత్తి చేతిలో పట్టుకుని, కోయకుండా కూర్చుంది. అన్నం వద్దంది. మాట్లాడితే ఊపిరి ఖర్చని సైగలు చేస్తోంది. "నవ్వించకు" అని కూడా సైగ చేసింది, నేనేం నవ్వించకపోయినా.

ఎనిమిదో వీధి కాపలా హుసేనప్ప వచ్చి, తన పైపు నుంచి నాలుగు పాత వాచర్లు ఇచ్చాడు. వాళ్ల సుల్తాను బాగా వేటాడుతున్నాడట. మా పైపుకూ వాళ్ల పైపుకూ మధ్య ఒక ఇనుప జల్లెడ, గాలి మూత తప్ప ఇంకేం అడ్డు లేదు. అయినా ఎలుకలు మా వైపే ఉన్నాయి, వాటికీ తెలుసు. సుల్తాను కుబుసం ఒకటి ఉంటే ఇవ్వమన్నాను, పోల్చి చూసుకోవాలని చెప్పాను. హుసేనప్ప కాస్త తడబడ్డాడు.

"మా కొర్రల కుండలో ఉండాది అక్కా. తీస్తే పురుగు పడ్తాదని మా ఇంట్లో ఒప్పుకోదు."

కుబుసం వేసిన కుండలో పురుగు పట్టదని మా దగ్గర ఒక నమ్మకం. ప్రతి ఇంట్లో కొర్రలో రాగులో పోసిన కుండలో ఒకటి ఉంటుంది. మా వీధి కుండల్లో ఉన్నవి దొర పైపులో విడిచిన ముక్కలే, తోక మొదలు ఒక్కదానికీ లేదు.

"కుండకేం గాదులేప్పా, రెండు దినాల్లో తెచ్చిస్తా. పురుగు పడితే నేనే ఏరిస్తా" అన్నాను. సాయంత్రానికి తెచ్చి ఇచ్చాడు. ఆరో వీధి నుంచి భీముడిదీ, తొమ్మిదో వీధి నుంచి మారాజుదీ కూడా తెప్పించాను. మూడు మగపాములు, మూడు కుబుసాలు.

ఆదివారం

విడిచాడు. పొద్దున నేను సంగటికి నీళ్లు పెడుతుండగా గోనె కింద గరగరమంది. పోయి చూస్తే దొర, కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తూ, నావైపు ఒక్కసారి కూడా చూడకుండా పైపులోకి దూరిపోయాడు. రాతి పక్కన కుబుసం, తిరగేసిన మేజోడులా లోపలిది బయటికి వచ్చి పడి ఉంది. ఎక్కడా చిరగలేదు. ఏడ్చేశాను. గంట తిరక్కుండానే పైపులో ఎలుకలు కీచుమనడం వీధంతా వినబడింది. నారాయణమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించింది, నాకో పాముకో తెలియదు.

తర్వాత బల్ల తుడిచి నాలుగు కుబుసాలూ పక్కపక్కన పరిచాను. అన్నిటికీ చీలిక ఒకే వరసలో వచ్చేట్టు సర్దాను. ఓబులమ్మ కూడా లేచి వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

భీముడు: చీలిక దాటగానే తోక సన్నబడింది. మారాజు: అంతే. సుల్తాను: అంతే. దొర: కొస లేదు గానీ, మొదలంతా అదే లావున పోయింది. మూడు ఒకలా ఉన్నాయి, దొర ఒక్కడు వేరుగా ఉన్నాడు.

నేను మళ్లీ కొలిచాను. దారం పెట్టి కొలిచాను. తిప్పి కొలిచాను. దారం చెప్పే మాట మారలేదు.

"మగవాటిలా లేదు," అంది ఓబులమ్మ.

"కనబడుతోంది."

"అంటే ఆడది."

"కనబడుతోందిలేమ్మా!"

అది పోయి పైపు మూతి దగ్గర కూర్చుంది. ఈ రోజు గాలి కొంచెం బాగుంది, దాని పెదాలకు రంగు వచ్చింది. ఆ రంగు చూస్తే సంతోషం రావాలి. నాకు రాలేదు. ఎన్ని వాచర్లు కోసినా, ఎంత అరిచినా, దొరను పెట్టెలో పెట్టుకుని పోతారు. పరాంకుశానికి అబద్ధం చెబుదామా అనుకున్నాను. కుబుసం ముక్కలైపోయిందని చెప్పొచ్చు. చెప్తే సలాక పెడతాడు. అబద్ధానికి కూడా దారి లేదు.

దొరను వాడు అని రాస్తున్నాను. ఆడది అయినా అలవాటు పోవడం లేదు.

సోమవారం

ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను. ఎవరు చదివినా సరే.

దొరను పంపించేస్తే కుబుసమన్నా మిగులుతుందని, దాన్ని కడిగి మా కొర్రల కుండలో వేద్దామనుకున్నాను. పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టాను. ముడతలన్నీ విడిపోయి మెత్తగా విచ్చుకుంది. చీలిక దగ్గర ఏదో నలిగి ముద్దగా అంటుకుని ఉంది, మట్టి అనుకున్నాను. వేలితో తీయబోతే విడిపోయి నీళ్లలో తేలింది. రెండు చిన్న తొడుగులు, పక్కపక్కనే, పసిపిల్లల చేతితొడుగు వేళ్లలాగా.

వస్తే ఇక అనుమానం లేదు అన్నాడు పరాంకుశం. దొర మగవాడు.

"ఓబులీ!" అని అరిచాను. అది పరిగెత్తలేదు గానీ, వచ్చి చూసి నా భుజం మీద తల పెట్టుకుంది. ఇద్దరం నవ్వాం. అది నవ్వి ఆయాసపడింది, ఆయాసపడుతూనే నవ్వింది.

అప్పుడు దాని నవ్వు ఆగిపోయింది. బల్ల మీద ఉన్న మిగతా మూడు కుబుసాల వైపు చూస్తోంది. నేనూ చూశాను. దొర మగవాడైతే, దొరలా లేని ఆ మూడూ ఏంటి?

దాచేద్దామని చెయ్యి చాపేసరికి గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ముందు హుసేనప్ప, తన కుబుసం తీసుకుపోదామని వచ్చాడు. వెనక పరాంకుశం, భుజాన గాలిరంధ్రాల పెట్టె.

"కుబుసం విడిచిందా?" అన్నాడు పరాంకుశం. పళ్లెం అతని ముందు పెట్టాను. తొడుగులు చూసి తల ఊపాడు. "మగదే. సంతోషం." అతని మొహంలో సంతోషం ఏమీ లేదు. పెట్టె కింద దించి మెడ రుద్దుకున్నాడు. "కింది ఊళ్లలో కూడా అన్నీ మగవేనని చెప్పారు. ఒక్కటి లేదమ్మా. ఎక్కడా ఒక్క ఆడది..." అంటూ బల్లమీదికి వంగాడు.

"ఇవెక్కడివి?"

చెప్తే మూడు వీధులు ఐదో వీధి అవుతాయి. చెప్పకపోతే ఇతను మళ్లీ ఖాళీ పెట్టెతో మెట్లెక్కుతాడు, మన పాములు ఒక్కొక్కటీ ముసలివై పోతాయి. హుసేనప్ప వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

హుసేనప్ప భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుకుంటున్నాడు. "ఆ చివరిది మాది సార్," అన్నాడు. "మా సుల్తానుది."

"ఇది ఆడపాముది."

"తెల్సు సార్. మూడేండ్ల కింద గుడ్లు పెట్టింది. మీకు తెలిస్తే తీసుకపోతారని... గుడ్లు ఎవరి కంటన్నా పడితే తెలిసిపోతాదని, పొరటు చేసుకుని తిన్నాం. పిల్లోళ్లకు కోడిగుడ్లని చెప్పినాం. ఇంటింటికీ తలా కొంత పెట్టినాం, ఎవరూ బయట చెప్పకుండా."

పరాంకుశం పెట్టె మీదే కూలబడ్డాడు. మగపాము అయితే వీధిలోనే ఉంటుంది కాబట్టి, పేరు పెట్టేటప్పుడే వీధివీధికీ మగపేరు పెట్టుకున్నాం. ఆ తర్వాత ఎవరూ కిందికి వంగి చూడలేదు. చూసినవాళ్లు హుసేనప్పలా వండుకు తిన్నారు. కింది ఊళ్లలోనూ ఇదే జరిగి ఉంటుంది.

చివరికి పరాంకుశం లేచాడు. "మగవి వీధికొకటి ఉన్నాయని నేను ఆడదాని కోసం తిరిగాను. తీరా చూస్తే తెలిసిన మగది ఇదొక్కటే. సుల్తాను కావాలి. సుల్తానుతో పాటు దొర కూడా కావాలి సుంకమ్మా."

ఇన్నాళ్లూ మగది కావాలి, మగది కావాలి అని మొక్కుకున్నాను. మగది అయినందుకే తీసుకుపోతానంటున్నాడు! పెట్టెను ఒక్క తన్ను తన్నాను. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. బొటనవేలు ఇప్పటికీ నొప్పిగా ఉంది. హుసేనప్ప రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"జల్లెడ తీసేయండి," అంది ఓబులమ్మ పైపు మూతి దగ్గర్నుంచి.

అందరం అటు తిరిగాం.

"మన పైపుకూ వాళ్ల పైపుకూ మధ్యలో జల్లెడ ఉండాది గదా. అది తీస్తే దొర అటు పోతాడు, సుల్తాను ఇటు వస్తాది. రెండూ వేటాడతాయి." ఆగి ఊపిరి తీసుకుంది. "కలిసేది ఉంటే అవే కలుస్తాయి. గుడ్లు మీరు తీసుకపోండి సార్. పాములను తీసుకపోవద్దు."

"జల్లెడ తీయాలంటే దాని ముందరి గాలి మూత కూడా తెరవాలి," అన్నాను నేను. ఎనిమిదో వీధి ఫ్యాను చిన్నది. మూత తెరిస్తే మా గాలి అటు లాగేస్తుంది. మిగతావాళ్లకు తలనొప్పి. ఓబులమ్మకు తలనొప్పితో పోదు.

"తెలీకనా చెప్తాండా? దొర పోతే నాకు సగం గాలి కూడా ఉండదు. ఉంటే సగమన్నా ఉంటాది."

"రెండు వీధుల పైపులు కలపకూడదని రూలుంది," అన్నాడు పరాంకుశం, గట్టిగా కాదు.

"ఆ రూలు రాసినోళ్లే వీధికొక మగపాముందని కూడా రాసినారు," అంది ఓబులమ్మ.

పరాంకుశం పెట్టె తెచ్చుకుని, దుమ్ము దులిపి, భుజాన వేసుకున్నాడు. మళ్లీ వచ్చేసరికి గుడ్లు కనిపించాలనీ, కనిపించకపోతే రెండింటినీ తీసుకుపోతాననీ, అప్పుడు తనను తిట్టవద్దనీ చెప్పాడు. తిట్టనని మాట ఇవ్వలేదు నేను. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి సలాక తీసి ఓబులమ్మ ఒళ్లో పెట్టాడు. వాచర్లకు బెజ్జాలు పెట్టుకోవడానికి పనికొస్తుందన్నాడు.

హుసేనప్పా నేనూ కలిసి మూత తెరిచి, జల్లెడ బోల్టులు విప్పాం. తుప్పు పట్టి ఉన్నాయి. గాలి అటు పోవడం నా చెంపకు తగిలింది.

చాలా సోమవారాల తర్వాత, ఒక సోమవారం

గాలి పల్చగా ఉంది. వాచర్లు బాగున్నాయి, పోయినవాటి కంటే కొత్తవే ఎక్కువ. ఎలుకలు లేవు.

ఇన్ని రోజులూ ఊరికే ఉండలేదు. ఓబులమ్మ మంచాన్ని పైపు మూతికి ఆనించి కట్టాం. అది పడుకుని వాచర్లు కోస్తోంది, సలాకతో బెజ్జాలు పెడుతోంది. చెడ్డ రోజులు కొన్ని ఉన్నాయి, వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు. పైపులో పాములు రెండూ ఒకదాని వెనక ఒకటి పోతుంటే దానికి చప్పుడు తెలిసేది. ఒకటి పోతోంది, ఇదిగో రెండోది అని వేళ్లు చూపించేది. తర్వాత సుల్తాను లావెక్కింది. ఆ తర్వాత ఉన్నట్టుండి సన్నబడింది. గుడ్లు ఎక్కడ పెట్టిందో తెలియక నేనూ హుసేనప్పా రెండు వీధులూ వెతికాం. నేనైతే కొర్రల కుండలు కూడా దింపించి చూశాను, అందరి చేతా తిట్లు తిన్నాను.

ఇవాళ పొద్దున దొరికాయి. జల్లెడ ఉండే చోటు పక్కన పాత ఫ్యాను ఇనుప డబ్బా ఒకటి ఉంది, ఎప్పుడో ఎలుకలు దొర గోనెసంచి ముక్క ఒకటి అందులోకి ఈడ్చుకుపోయాయి. ఆ గోనె మీద ఒకదానికొకటి అతుక్కుని తెల్లగా ఉన్నాయి. సుల్తాను వాటిచుట్టూ చుట్టుకుని పడుకుంది. మమ్మల్ని చూసి తల ఎత్తింది గానీ బుసకొట్టలేదు. వాటిని కదిలించకూడదు, పక్కకు తిప్పకూడదు. పరాంకుశానికి కబురు పంపాను. ఓబులమ్మను మెల్లగా నడిపించుకుని తీసుకొచ్చి చూపించాను. అది నా భుజం పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. ఊపిరి బిగబట్టొద్దని తిట్టాను.

చివర్న హుసేనప్ప చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి, ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అప్పుడు ఆ గుడ్లకు ఏం రుచీ లేకుండె సుంకక్కా," అన్నాడు. "ఎంత ఉప్పేసినా."

డబ్బా మూత మెల్లగా దించాను.